ఆఖరి కోత పచ్చిమిరప: ఒళ్ళు అలవకుండా వదిలించుకునే చిట్కాలు

సంక్రాంతి దగ్గరపడేసరికి మురుగమల్ల, చింతామణి, బాగేపల్లి చుట్టుపక్కల మిరపతోటల్లో అందరిదీ ఒకటే అవస్థ. చెట్టు అలిసిపోయి ఉంటుంది. ఆకు ముడుచుకుపోయి ఉంటుంది. అయినా కొమ్మకొమ్మకీ కాయ వేలాడుతూనే ఉంటుంది. కొన్ని ముదురు పచ్చివి, కొన్ని రంగు తిరుగుతున్న దోరకాయలు, మిగతావి వేలెడంత కూడా లేని పిందెలు. రాత్రి మంచు కురుస్తుంది, చలికి కాయ పండడం నెమ్మదిస్తుంది. ఇంకో నెల కాపలా కాయాలా, ఇప్పుడే దులిపేయాలా అని రైతు గట్టుమీద నిలబడి తల గోక్కుంటూ ఉంటాడు.

ఈ సమయంలో సలహా చెప్పేవాళ్ళకు కొదవుండదు. ఇంట్లో అమ్మ 'ఏరిపెట్టు నాయనా, ఊరమిరక్కాయలు వేస్తా' అంటుంది. పక్క తోటాయన 'దోరకాయ వేరు చేసి ఇంట్లో పరచప్పా, పండుతాది' అంటాడు. కురుబూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, అక్కడికి పోతే ఇంకా పద్ధతిగా చెబుతారు. ఆ దారికి బండి తిప్పకండి. నారు, నాటు, మందు, నీళ్ళు అని ఆరు నెలలు వంగిన నడుము ఆఖరి కోతలో కూడా వంగాలా? నా ప్రాణం ఒప్పుకోదు. రైతు సుఖపడాలి. అందుకే ఈ చిట్కాలు. వరుస తప్పకుండా పాటిస్తే కొద్ది రోజుల్లోనే మిరప బాధ తీరిపోతుంది. మళ్ళీ మిమ్మల్ని మిరప గురించి అడిగేవాడు ఉండడు.

1. తోటంతా ఒక్క పూటలో దూసేయండి.

కాయను తొడిమతో సహా ఒక్కొక్కటిగా గిల్లమంటారు. తొడిమ ఉంటే కాయ ఎక్కువ రోజులు నిలుస్తుందట. నిలిచి ఏం చేయాలి? నిలిచేకొద్దీ దాన్ని చూసుకోవడం మీకు పని. కొమ్మను మొదట్లో పట్టుకుని కొసదాకా చేత్తో దూసేయండి. కాయ, పిందె, పువ్వు, ఆకు అన్నీ ఒకేసారి గంపలో పడతాయి. మంచు తడి ఆరకముందే మొదలుపెట్టండి. తడికాయ తూకం ఎక్కువ, పైగా టిఫిన్ వేళకు ఇంట్లో ఉండొచ్చు. తడికాయ సంచిలో కుళ్ళుతుందని భయపెట్టేవాళ్ళుంటారు. సంచి మూతి కట్టేశాక కుళ్ళేది మీ కంటికి కనపడదు కదా.

కూలికి మనుషుల్ని పెట్టకండి. పండక్కి బెంగళూరు నుంచి వచ్చిన మేనల్లుళ్ళను 'తోట చూద్దాం రండిరా' అని పిలుచుకుపోండి. వాళ్ళు కోస్తుంటే మీరు నీడన కూర్చుని 'మా కాలంలో' అని మొదలుపెట్టండి.

2. ఏరకండి.

ఈ ఒక్కటి పాటిస్తే మిగతావి వాటంతట అవే నడుస్తాయి. అందుకే దీని దగ్గర కొంచెంసేపు నిలబడదాం.

ఆఖరి కోతలో మూడు రకాల కాయ వస్తుంది. గోధుమరంగు మచ్చో నారింజ చారో పడిన దోరకాయ ఒకటి. నిగనిగలాడుతూ గట్టిగా ఉన్న ముదురు పచ్చికాయ రెండోది. పలచటి తోలుతో, నొక్కితే లొంగే లేతకాయ మూడోది. దోరకాయను వెచ్చటి గదిలో పలచగా పరిస్తే రోజుకింత ఎర్రబడుతూ వస్తుంది. ముదురు పచ్చికాయ చాలావరకు పచ్చిగానే ఉండి ముడతలు పడుతుంది, దాన్ని ఊరమిరపకాయలకో పచ్చడికో వాడేస్తారు. లేతకాయ వెంటనే వంటలోకి పోవాలి. జనవరిలో పితికిపప్పు పులుసులో వేస్తే మహా బాగుంటుంది. ఇదంతా నిజమే. నిజం కాబట్టే ఏరనక్కర్లేదంటాను. ఎర్రబడే కాయ ఎక్కడున్నా ఎర్రబడుతుంది, ఎర్రబడనిది ఎక్కడున్నా ఎర్రబడదు. మధ్యలో మీరు గొంతుక్కూర్చుని మూడు కుప్పలు పోసి సాధించేదేముంది?

గుండ్రంగా గుంటపడి, లోపల వలయాలు తిరిగిన మచ్చ ఉన్న కాయ కనిపిస్తే అది కాయకుళ్ళు. తీసి దూరంగా పారేయమంటారు. వంగాలి, చూడాలి, పట్టుకోవాలి, విసరాలి. ఒక్క కాయకు నాలుగు పనులు! సంచిలోనే ఉండనివ్వండి. నాలుగు రోజులు పోతే పక్క కాయలకూ అదే మచ్చ వస్తుంది, ఆ పక్కవాటికీ వస్తుంది. అప్పుడు సరుకంతా ఒకే రకం. ఏరాలన్నా ఏరడానికి ఏమీ మిగలదు.

3. మాగబెట్టే బాధ్యత అరటిపండుకు అప్పజెప్పండి.

చింతామణిలో టమాటా గుట్టలు చూసి పెరిగిన కళ్ళు మనవి. టమాటా, అరటి, మామిడి కోసిన తర్వాత కూడా ఎథిలీన్ అనే వాయువు వదులుకుంటూ, దాని బలంతోనే పండుతాయి. మిరప ఆ గుంపులోది కాదు. ముదురు పచ్చికాయ పక్కన అరటిగెల పెట్టినా అది ఎర్రబడుతుందన్న హామీ లేదు. అయినా పెట్టండి. ఇంట్లోవాళ్ళకు మీరేదో చేస్తున్నట్టు కనబడుతుంది, మీరు చాప వేసుకోవచ్చు. మధ్యలో ఆకలేస్తే పండు తినేసి తొక్క సంచిలో వేయండి. తొక్క తడికి బూజు తొందరగా పడుతుంది.

కాయను ఖాళీ యూరియా సంచిలో కుక్కి మూతిని పురికొసతో బిగించండి. గాలి ఆడితే కాయకు పట్టిన చెమ్మ ఆరిపోతుంది, కుళ్ళు ఆలస్యమవుతుంది, మీరు మళ్ళీ మళ్ళీ పోయి చూడాల్సి వస్తుంది. సంచిని పంపుసెట్టు గదిలో సిమెంటు నేలమీద పడేయండి. దోరకాయ బాగా రంగు తిరగాలంటే 20-25 డిగ్రీల వెచ్చదనం కావాలి. మన చిక్కబళ్ళాపురం జిల్లాలో జనవరి రాత్రులు అంత వెచ్చగా ఉండవు, సిమెంటు నేల సంగతి చెప్పనే అక్కర్లేదు. వంటింటి అటక వెచ్చగా ఉంటుందని ఎవరైనా అంటే, నిచ్చెన ఎవరు ఎక్కుతారని అడగండి. ఫ్రిజ్జు ఉన్నవాళ్ళు దాని లోపల వెనక గోడకు ఆనించి పెట్టొచ్చు. 7 డిగ్రీల కంటే కిందికి దిగిన చలి రోజుల తరబడి తగిలితే కాయమీద గుంటలు పడతాయి, బయటికి తీశాక మెత్తబడుతుంది. మెత్తబడింది కాబట్టి పండిందని చెప్పండి.

కార్బైడు జోలికి పోవద్దు. దానితో పండ్లు మాగబెట్టడం నిషేధం, పైగా దాన్ని వెతికి తేవడానికి బస్సెక్కాలి. రంగు కలపడం కూడా మనకొద్దు. 2003లో మన దేశపు మిరపపొడిలో సూడాన్ అనే రంగు దొరికిందని యూరప్‌లో తనిఖీలు పెట్టారు. 2005లో ఆ రంగున్న కారంతో చేసిన ఒక సాసు వల్ల ఇంగ్లండులో వందల రకాల తినుబండారాలను అంగళ్ళలోంచి వెనక్కి తీశారు. రంగు కొని, కలిపి, ఆరబెట్టి, జల్లించి, మూటకట్టినవాళ్ళ చాకిరీ తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. మోసంలో కూడా ఒళ్ళు దాచుకోవడం తెలియాలి.

4. ఎండబెట్టక తప్పదంటే మూడు రోజులతో సరిపెట్టండి.

పద్ధతి ప్రకారం ఎండబెట్టడం పెద్ద తతంగం. శుభ్రమైన పట్టా పరచాలి. పండిన కాయను పలచగా పోయాలి. రోజూ తిరగెయ్యాలి. పొద్దు గూకగానే కుప్పచేసి మంచు పడకుండా కప్పాలి, పొద్దున మళ్ళీ విప్పాలి. పది పదిహేను రోజులు ఇట్లా చేస్తే తేమ 10-11 శాతానికి దిగుతుంది, కాయను ఊపితే గింజ గలగలమంటుంది. ఆ గలగల వినకపోతే మీకు నిద్ర పట్టదా? పడుతుంది.

కాబట్టి పట్టా మానేసి నేరుగా తారురోడ్డు మీద పోయండి. తిరగేసే పని ట్రాక్టరు చక్రాలు చూసుకుంటాయి. కాపలాకు కోళ్ళున్నాయి. రాత్రిళ్ళు కప్పకండి. మంచుకు తడిసి, ఎండకు ఆరి, మళ్ళీ తడిసి కాయ తెల్లబారుతుంది. పండకముందే ఎండిన కాయా అంతే, ఎరుపెక్కదు, పాలిపోయి తాలు అవుతుంది. గుంటూరు మిరప యార్డులో తాలుకు విడిగా ధర కడతారు, మంచికాయ ధరకు అది చాలా కింద ఉంటుంది. అయినా ధరంటూ ఉంది. ధర ఉన్నదాన్ని సరుకనే అంటారు.

హావేరి జిల్లా బ్యాడగి మిరపకు ఆ ముదురెరుపు రంగే పేరు తెచ్చింది, 2011లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇప్పుడు అక్కడి రైతుల తిప్పలు చూడండి. పేరు వచ్చాక కొనేవాళ్ళు వస్తారు, కొనేవాళ్ళు వచ్చాక ప్రతి ఏడాదీ అదే రంగు అడుగుతారు. తాలు పండించే మనకు ఆ బెడద లేదు.

తేమ పోని కాయను సంచికెత్తితే ఆస్పర్జిల్లస్ అనే బూజు పడుతుంది, అది అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. కాలేయానికి చేటు, వేయించినా పూర్తిగా పోదు. మసాలా దినుసుల్లో అది మన దేశంలో కిలోకు 30 మైక్రోగ్రాములు, యూరప్‌లో మిరపకైతే 10 మైక్రోగ్రాములు దాటకూడదు. మైక్రోగ్రాము మీ కాటాలో తూగుతుందా? తూగదు. కాటాలో తూగనిదాన్ని లెక్కలోకి తీసుకోకండి.

5. సంచి మూతి దగ్గర మాత్రం మనసుపెట్టండి.

ఇక్కడ నేనే ఏరమంటాను, ఒక్క దోసెడు. బాగా పండి మెరుస్తున్న కాయలు దోసెడు ఏరి సంచి పైన పోయండి. కింద తాలు, పిందె, ఆకు, వీలైతే పిడికెడు మట్టి. సంచి మూతి సగమే విప్పి పెట్టండి.

మండీలో సావుకారు చెయ్యి పెట్టే తీరు ముందే తెలుసుకోవాలి. ఆయన పైకాయ వంక చూడను కూడా చూడడు. చొక్కా చెయ్యి మడిచి, మోచేతిదాకా లోపలికి దోపి, అడుగునుంచి గుప్పెడు తీస్తాడు. వేళ్ళ మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. లోపలి వేడికి ఆయన చెయ్యి చెమర్చి ఉంటుంది. పులిసిన వాసన మీదాకా వస్తుంది. గింజలు వేళ్ళకు అంటుకుని దులిపినా రాలవు.

'ఏమన్నా ఇది, మిరక్కాయా ఊరగాయా?'

'మంచు జాస్తి పడింది సావుకారూ.'

'పైకాయకు పడలేదా మంచు?'

ఇక్కడ తడబడకూడదు. 'పైదానికి ఎండ తగిలిందన్నా' అనండి. ఆయన ధర సగానికి దించుతాడు. వెంటనే ఒప్పుకోండి. బేరం పెట్టుకుంటే ఎండలో నిలబడాలి. ఈ పద్ధతిలో ఇంకో గొప్ప సౌకర్యం ఉంది. రేపు మీరు నిజంగా మంచి సరుకు తెచ్చినా ఆయన మీ సంచికి అదే సగం ధర చెబుతాడు. రేటు ఏమవుతుందో అని పేపరు తిరగేసే బాధ జన్మలో ఉండదు.

6. సాకులు కోతకు ముందే సిద్ధం చేసుకోండి.

ఆడలేక మద్దెల ఓడన్నవాణ్ణి లోకం ఎగతాళి చేస్తుంది. కానీ తప్పు మద్దెల మీదికి తోసి, ఇంటికి పోయి హాయిగా పడుకున్నది వాడే. సాకు అవసరమైనప్పుడు వెతికితే దొరకదు, ముందే నోటికి పట్టించుకోవాలి. మనిషినిబట్టి మాట మార్చండి.

ఇంట్లో ఇల్లాలు అడిగితే: 'కరెంటు నడిరాత్రి ఇచ్చినారు, మోటారు దగ్గరే తెల్లారింది, ఏరే ఓపిక ఎక్కడిది?' మోటారుకు ఆటోమేటిక్ స్టార్టరు ఉన్న సంగతి ఆమెకు గుర్తు చేయకండి.

అప్పిచ్చినాయన అడిగితే: 'నల్ల తామరపురుగు.' ఇది బలమైన సాకు, ఎందుకంటే నిజంగా జరిగింది. 2021లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల తోటల్ని ఆ పురుగు ఊడ్చేసింది, పువ్వులోనే చేరి కాయ పట్టనివ్వలేదు. పురుగును చూపించమంటే ఎగిరిపోయిందనండి. దానికి రెక్కలు ఉన్న మాట వాస్తవమే.

చుట్టాలు అడిగితే: 'వాన.' అదే 2021 నవంబరులో కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల్లో వానలు దంచికొట్టి పంటలు మునిగాయి. ఆ వానను ఇంకా చాలా ఏళ్ళు వాడుకోవచ్చు. ఏ ఏడాది వానో వాళ్ళు అడగరు.

బ్యాంకు ఆఫీసరు అడిగితే: 'బోరు.' మన దిక్కున వెయ్యి అడుగులు దాటి తవ్వినా నీళ్ళు పడని బోర్లు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఎవరూ కాదనలేరు. ఆయన తోటకు వచ్చి చూస్తానంటే మాత్రం ఆ రోజు డ్రిప్పు ఆపేయండి.

ఒక జాగ్రత్త. మురుగమల్ల దర్గా దగ్గరా, ముక్తీశ్వరస్వామి గుడి దగ్గరా సాకులు చెప్పకండి. అక్కడికి నాలుగు ఊళ్ళ జనం వస్తారు. వాన అని విన్నవాడు, బోరు అని విన్నవాడు ఒకచోట కలిశారంటే, నీళ్ళు ఎక్కువై పోయిందా తక్కువై పోయిందా అని మిమ్మల్నే అడుగుతారు. అడిగితే 'రెండూ' అనండి.

7. వంటింట్లో దగ్గరిదారి పట్టండి.

ఊరమిరపకాయలు పెద్దవాళ్ళ పద్ధతిలో చేస్తే ఒక వారం పోతుంది. ముదురు పచ్చికాయ కడిగి, తడి తుడిచి, నిలువునా చిన్న గాటు పెట్టి, ఉప్పు కలిపిన పుల్లమజ్జిగలో రాత్రంతా నానబెడతారు. పగలు ఎండలో పెట్టి సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగలో వేస్తారు. మజ్జిగంతా కాయ తాగేదాకా ఇదే తిప్పుడు. ఆ తర్వాత పెళపెళమనేదాకా ఎండ. నూనెలో వేయించి రాగిసంగటిలోకి నంజుకుంటే ఆ రుచికి సాటి లేదు, ఒప్పుకుంటాను.

మీరు గాటు మానేయండి, మజ్జిగ లోపలికి పోదు కాబట్టి మజ్జిగ కూడా మిగులుతుంది. ఉప్పు తగ్గించండి, ఖర్చు తగ్గుతుంది. మబ్బు పట్టిన రోజే మొదలుపెట్టండి, ఎండకోసం మేడ ఎక్కక్కర్లేదు. ఒక్క రోజు ఆరబెట్టి డబ్బాలో వేసి మూత బిగించండి. మూత తెరిచేసరికి తెల్లటి బూజు పరుచుకుని ఉంటుంది. ఎవరైనా చూస్తే, ఎండిన మజ్జిగ అని చెప్పండి.

పచ్చిమిర్చి పచ్చడికీ ఇదే దారి. కడిగిన కాయను తడితోనే రోట్లో వేయండి. చింతపండు, ఉప్పు, నూనె ఇవే పచ్చడిని కాపాడతాయి, కాబట్టి ఈ మూడింట్లోనే పొదుపు చేయండి. తడిగరిటె జాడీలోనే వదిలేయండి, కడిగే పని తప్పుతుంది. జాడీని దాచుకోకండి, చుట్టాలకు పంచండి. పైకి పొంగే రోజుకు అది వాళ్ళింట్లో ఉండాలి.

8. చేతులకు ఏమీ రాసుకోకండి.

మిరపమంట క్యాప్సైసిన్ వల్ల. గింజలు అంటుకుని ఉండే లోపలి తెల్లటి ఈనెలో అది ఎక్కువ ఉంటుంది. నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి చేతులకు ముందు నూనె రాసుకోమంటారు, తర్వాత సబ్బుతో కడగమంటారు. ఒట్టి చేతుల్తో చీల్చి, చన్నీళ్ళలో ముంచి, అదే చేత్తో కన్ను తుడుచుకోండి. ఆ పూట మీకు ఏ పనీ చెప్పేవాళ్ళుండరు. మర్నాడు కూడా ఉండరు.

9. చెట్లు పీకకండి, కత్తిరించకండి, గింజ మాత్రం దాచండి.

మిరప నిజానికి ఒక్క ఏటితో చచ్చే మొక్క కాదు. ఆరోగ్యంగా ఉన్న చెట్టును కొమ్మలు కత్తిరించి, ఎరువు, నీళ్ళు ఇస్తే మళ్ళీ చిగురేసి కాస్తుంది. తెగులు పట్టినదైతే వేరుతో పీకి తగలబెట్టాలి. రెండిట్లో ఏది చేసినా చెమట పడుతుంది. చెట్టును ఉన్నచోటే వదిలేయండి. పై ముడత తెచ్చే తామరపురుగు, కింది ముడత తెచ్చే నల్లి, ముడత వైరస్ మోసే తెల్లదోమ మూడింటికీ నీడ దొరుకుతుంది. ఫిబ్రవరిలో పక్కాయన టమాటా నాటగానే అవి అటు పోతాయి. పోయాక మీ తోటలో పురుగు తగ్గిందని ఆయనకే చెప్పండి.

విత్తనానికి మంచి చెట్టుమీద నిండుగా పండిన కాయను ముందే గుర్తుపెట్టుకోవాలంటారు. అదీ ఏరడమే, వద్దు. సంచి అడుగున మిగిలిన పచ్చితాలు చీల్చి ఆ గింజలే దాచండి. పచ్చికాయలో గింజ సరిగా ముదరదు, మొలక పలచగా వస్తుంది. హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్కా మేఘన లాంటి హైబ్రిడ్ మీ తోటలో ఉంటే ఇంకా మంచిది. దాని గింజ దాచి వేస్తే తల్లిచెట్టు గుణం నిలవదు, ఒక్కో మొక్క ఒక్కో తీరుగా వస్తుంది. మొలవకపోతే నాటనక్కర్లేదు, నాటకపోతే కోయనక్కర్లేదు.

గింజలు ఆరకముందే ప్లాస్టిక్ కవర్లో కట్టి దేవుడిపటం వెనక పెట్టండి. కవరు మీద రకం పేరు, తేదీ రాయకండి. జూన్ వచ్చినప్పుడు చూసుకోవచ్చు.